మొక్కల వెంట నడచిన మహనీయుడు – ఇబ్న్ అల్ బైతార్

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. చేరువలో ఉన్నదానిని చులకన చేసే మనిషి స్వభావాన్ని ఎత్తిపొడవడానికి పుట్టిన మాట ఇది. ఈనాడు ఆ సామెతకే చోటు లేకుండా పోతున్నది. పెరళ్ళు తగ్గిపోయాయి; మిగిలిన పెరటిలో మొలచిన మొక్క పేరు చెప్పగలవారు అంతకంటె తగ్గిపోయారు. తొలకరి పడగానే మన దారుల పక్కన తుమ్మి, ఉత్తరేణి, గుంటగలగర, నేల ఉసిరి, పల్లేరు లేచి నిలుస్తాయి. వాటిని దాటుకొంటూ తరగతికి వచ్చి వృక్షశాస్త్రం చదివే విద్యార్థులలో వాటిని పేరు పెట్టి పిలువగలవారు ఎందరు? మన అవ్వలకు తెలిసిన విద్య రెండు తరాలలో మనకు పిచ్చిమొక్కల గుంపుగా మిగిలింది.

ఎనిమిది వందల ఏండ్ల క్రితం ఒక మనుష్యుడు తన జీవితమంతా మొక్కల పేర్ల కొరకు ధారపోశాడు. స్పెయిన్ దేశపు దక్షిణ తీరం నుండి సిరియా దాకా నడచి, ప్రతి మొక్కను అది మొలచిన నేల మీదనే చూచి, దాని పేరును అక్కడి మనుష్యుల నోట విని, రాసి పెట్టాడు. ఆయనే ఇబ్న్ అల్ బైతార్. ఇబ్న్ సీనా పేరు, అల్ రాజీ పేరు మన విద్యార్థులు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. ఈయన పేరు అంతగా వినబడదు. కాని యునానీ మందుల దుకాణంలోని ప్రతి డబ్బా వెనుక ఈయన శ్రమ ఎంతో కొంత దాగి ఉన్నది.

ఆయన పూర్తి పేరు జియావుద్దీన్ అబూ ముహమ్మద్ అబ్దుల్లా ఇబ్న్ అహ్మద్. సుమారు 1197లో మలగా నగరంలో జన్మించాడు. అరబ్బీలో బైతార్ అనగా పశువైద్యుడు. పశువైద్యుని కుమారుడన్న ఇంటిపేరే లోకంలో ఆయనకు స్థిరపడిపోయింది. స్పెయిన్‌లో ముస్లిముల ఏలుబడి అప్పటికే నాలుగు శతాబ్దాలు దాటింది. కాని దాని బలం తరిగిపోతున్న కాలం అది. 1212లో లాస్ నవాస్ యుద్ధంలో మువహ్హిద్ పాలకులు ఓడిపోయినప్పుడు ఇబ్న్ అల్ బైతార్ ఇంకా నూనూగు మీసాల యువకుడు. రాజ్యాలు కూలుతున్న ఆ కాలంలోనే ఆయన మొక్కల చదువుకు పూనుకొన్నాడు.

ఆ చదువు ఎటువంటిదో తెలియాలంటే దానికి ముందున్న ఒక చిక్కును తెలుసుకోవాలి. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో డయాస్కోరిడీస్ అనే గ్రీకు వైద్యుడు సుమారు 600 మొక్కల గుణాలను వివరిస్తూ అయిదు భాగాల గ్రంథం రాశాడు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు పండితులు దానిని అరబ్బీలోకి తెచ్చారు. స్తఫాన్ అనువదించగా, హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ దిద్దాడు. వాక్యాలు అనువదించడం సాధ్యమయింది గాని, పేర్లు అనువదించడం సాధ్యం కాలేదు. ఫలానా గ్రీకు మొక్క తమ దేశంలో ఏదో తెలియనప్పుడు ఆ పేరును ఉన్నదున్నట్లే అరబ్బీ లిపిలో ఉంచి, ముందు ముందు తెలిసినవారు పూరిస్తారని విడిచిపెట్టారు. తరువాత బైజాంటియం చక్రవర్తి ఆ గ్రంథపు బొమ్మల ప్రతిని కార్డోవా ఖలీఫాకు కానుకగా పంపాడు. దానిని చదివి చెప్పడానికి 951లో నికొలస్ అనే క్రైస్తవ సన్న్యాసి వచ్చాడు. ముస్లిం వైద్యులు, యూదు పండితుడైన హస్‌దాయి, ఆ సన్న్యాసి కలసి కూర్చొని ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క మొక్కను వెదికారు. ఎన్నో చిక్కులు విడిపోయాయి, కొన్ని మిగిలిపోయాయి.

ఇది పండితుల పేర్ల పట్టింపు అని తేలికగా తీసివేయరాదు. పేరు తప్పితే మొక్క తప్పుతుంది. మొక్క తప్పితే రోగి ప్రాణం పోవచ్చును. కొత్తిమీర, సోపు, వాము ఏ కుటుంబానికి చెందినవో, గ్రీకు తత్త్వవేత్త సోక్రటీస్ తాగిన విషాన్ని ఇచ్చిన మొక్క కూడ అదే కుటుంబానికి చెందినది. పుస్తకంలోని వర్ణన మాత్రమే చదివి అడవిలోకి పోయినవానికి ఆ రెండింటి నడుమ గీత కనబడదు. చూపి చెప్పే గురువు ఒకడు కావాలి.

అటువంటి గురువు ఇబ్న్ అల్ బైతార్‌కు సెవిల్ నగరంలో దొరికాడు. ఆయన అబుల్ అబ్బాస్. మొక్కలు తెలిసినవాడన్న అర్థంలో జనం ఆయనను నబాతీ అని పిలిచేవారు. హజ్ యాత్రకు వెళ్ళిన దారిలో కూడ మొక్కలు పరిశీలించి, ఆ యాత్రను ఒక గ్రంథంగా రాసినవాడాయన. ఈజిప్టు సుల్తాను తన కొలువులో ఉండిపొమ్మని అడిగినా నిలువక, సొంత ఊరు చేరుకొన్నాడు. ఈ గురువు వెంట ఇబ్న్ అల్ బైతార్ సెవిల్ చుట్టుపట్ల గుట్టలు, పొలాలు, ఏటి గట్లు తిరిగి మొక్కలు సేకరించాడు. చిగురు వేసినప్పుడు ఆకు ఎట్లుంటుంది, పూతలో ఎట్లు మారుతుంది, ఎండిన వేరుకు వాసన నిలుస్తుందా, నాలుకకు చేదా, కారమా అనే ప్రశ్నలకు పుస్తకం కంటె ముందు కన్ను, ముక్కు, నాలుక సమాధానం చెప్పాలి. ఆ పద్ధతి ఆయనకు అలవడినది ఇక్కడనే. అబుల్ అబ్బాస్ యాత్రాగ్రంథం తరువాతి కాలంలో నశించిపోయింది. అందులోని విషయాలు ఈనాడు మనకు లభిస్తున్నాయంటే, శిష్యుడు తన గ్రంథంలో గురువు పేరుతో వాటిని పొందుపరచడమే కారణం. ఇంతకు మించిన గురుదక్షిణ ఏముంటుంది?

సుమారు 1220లో ఇబ్న్ అల్ బైతార్ స్వదేశం విడిచి తూర్పుదారి పట్టాడు. మరల తిరిగి రాలేదు. మొరాకో మొదలు ఉత్తర ఆఫ్రికా తీరం వెంబడి బిజాయా, కాన్‌స్టంటైన్, ట్యూనిస్, ట్రిపోలీ, బర్ఖా మీదుగా సాగిపోయాడు. నేటి టర్కీ దేశపు ప్రాంతాలు, గ్రీకులు నివసించే చోట్లు కూడ చూశాడు. ఈ యాత్రలో ఆయనకు గురువులు ఊరి జనమే. పశువుల కాపరులు, మూలికలు ఏరేవారు, కొండజాతుల పెద్దలు ఏ మొక్కను ఏ పేరుతో పిలుస్తారో, దేనికి వాడుతారో అడిగి తెలుసుకొనేవాడు.

ఆయన మహాగ్రంథంలో వివరించిన ఒక మొక్క దీనికి చక్కని నిదర్శనం. దాని పేరు ఆత్రీలాల్. ఇది అరబ్బీ పదం కాదు, గ్రీకు పదమూ కాదు. ఉత్తర ఆఫ్రికా బర్బర్ జాతివారి మాట. పక్షి పాదం అని దాని అర్థం. సోయకూరను పోలిన ఈ మొక్క గింజలను బిజాయా ప్రాంతంలోని ఒక బర్బర్ తెగవారు బొల్లికి మందుగా ఇచ్చేవారు. దూరప్రాంతాల నుండి రోగులు వారిని వెదుక్కొంటూ వచ్చేవారు. ఆ మందు ఏ మొక్కదో వారు పరులకు తెలియనిచ్చేవారు కారు. తండ్రి కొడుకుకు చెప్పవలసిందే. కాలక్రమాన ఆ రహస్యం బయటపడింది. ఇబ్న్ అల్ బైతార్ దానిని వివరంగా రాశాడు. గింజల పొడిని తేనెతో ఇచ్చి, తెల్లమచ్చ ఉన్న భాగాన్ని తెరచి రోగిని గంటో రెండు గంటలో ఎండలో కూర్చుండబెట్టాలి. మచ్చ మీద పొక్కులు లేస్తాయి. అవి మానిన తరువాత చర్మానికి రంగు తిరిగి వస్తుంది. మందు ఒక్కటే చాలదు, ఎండ కూడ తోడు కావాలని ఆ తెగవారు కనిపెట్టడమే ఇందులోని విశేషం.

ఏడు శతాబ్దాల తరువాత 1947లో ఈజిప్టు శాస్త్రజ్ఞులు ఆ మొక్క గింజల నుండి స్ఫటిక రూపంలో ఉన్న పదార్థాలను వేరు చేశారు. 1948లో కైరో వైద్యుడు అల్ ముఫ్తీ వాటిని బొల్లి రోగుల మీద పరీక్షించిన ఫలితాలను ప్రకటించాడు. ఆ పదార్థాలు సోరాలెన్ అనే రసాయనాల కుటుంబానికి చెందినవి. అవి ఒంటిలో చేరిన తరువాత సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే చర్మం మీద పని చేస్తాయి. బర్బర్ తెగవారు రోగిని ఎండలో ఎందుకు కూర్చుండబెట్టారో అప్పుడు లోకానికి తెలిసింది. 1974 నాటికి ఇదే సూత్రం ఆధారంగా మరొక మొండి చర్మవ్యాధియైన సోరియాసిస్‌కు కూడ ఆసుపత్రులలో చికిత్స ప్రారంభమయింది.

ఈ కథకు మన నేలతోనూ సంబంధం ఉన్నది. మన పల్లెలలో బావంచాలు అని పిలిచే గింజలను, ఉర్దూలో బాబ్‌చీ అంటారు, ఆయుర్వేద వైద్యులు, హకీములు తరతరాలుగా బొల్లికి వాడుతున్నారు. సోరాలెన్ అన్న పేరు వచ్చింది ఈ బావంచాల మొక్క శాస్త్రీయ నామం నుండే. ఎన్నడూ కలుసుకొనని రెండు జనసమూహాలు, రెండు వేరు వేరు మొక్కలలో, ఒకే కుటుంబానికి చెందిన రసాయనాలను, ఒకే రోగానికి కనిపెట్టాయన్నమాట. హైదరాబాదు ఎర్రగడ్డలోని యునానీ పరిశోధన సంస్థ బొల్లి చికిత్సకు దేశమంతటా పేరు పొందినది. అయితే ఈ గింజలను ఎవరికి వారు వాడరాదు. మోతాదు మించినా, ఎండ మించినా చర్మం కాలి పుండ్లు పడతాయి. వైద్యుని పర్యవేక్షణ లేక తాకదగని మందు అది.

తిరిగి మన కథానాయకుని వద్దకు వద్దాం. ఆఫ్రికా తీరం దాటి ఈజిప్టు చేరిన ఇబ్న్ అల్ బైతార్ అయ్యూబీ సుల్తాను అల్ మలిక్ అల్ కామిల్ దృష్టిలో పడ్డాడు. సుల్తాను ఆయనను మూలికల వారందరికీ అధిపతిగా నియమించాడు. మూలికలు సేకరించేవారి మీద, అమ్మేవారి మీద ఒక పెద్దను నియమించడం వింతగా తోచవచ్చును. కాని ఆ కాలంలో మందు అంటే మూలికే. అంగడిలో ఒక వేరు బదులు మరొక వేరు చేరితే అడిగేవాడు, గుర్తుపట్టేవాడు ఉండాలి. 1238లో అల్ కామిల్ మరణించిన తరువాత ఆయన కుమారుడు అస్ సాలిహ్ అయ్యూబ్ కొలువులోనూ ఇబ్న్ అల్ బైతార్‌కు అంతే గౌరవం దక్కింది. పదవి వచ్చినా ఆయన కాలు నిలువలేదు. సిరియా, అరేబియా, పాలస్తీనా ప్రాంతాలలో మొక్కల కొరకు తిరుగుతూనే ఉన్నాడు.

డమాస్కస్‌లో ఆయనకు ఒక ఉత్తమ శిష్యుడు లభించాడు. వైద్యుల చరిత్ర రాసి చిరస్మరణీయుడైన ఇబ్న్ అబీ ఉసైబియాయే ఆ శిష్యుడు. గురుశిష్యులు నగరం వెలుపలికి పోయి, మొక్కలను వాటి తావులలోనే పరిశీలించేవారు. తరువాత గ్రంథాలు ముందు పెట్టుకొని పాఠం సాగేది. గురువు మొదట డయాస్కోరిడీస్ చెప్పినదాన్ని గ్రీకు పేరుతో సహా వివరించి, తరువాత గాలెన్ అభిప్రాయం, ఆ తరువాతివారి మాటలు వరుసగా చెప్పి, ఎవరు ఎక్కడ పొరబడినారో చూపేవాడట. ఆ విషయం ఏ గ్రంథంలో ఎన్నవ అధ్యాయంలో ఉన్నదో కూడ తడుముకోకుండా చెప్పేవాడట. శిష్యుడు ఇంటికి పోయి గ్రంథాలు తెరచి చూస్తే ఒక్క అక్షరమూ తేడా ఉండేది కాదు. గురువు పాండిత్యాన్నే కాక ఆయన సౌజన్యాన్ని, ఉదార స్వభావాన్ని కూడ శిష్యుడు మనసారా కొనియాడినాడు.

ఆ కాలపు డమాస్కస్‌లో ఈ విద్య ఎంత లోతుగా సాగిందో చెప్పడానికి మరొక ఉదాహరణ చాలు. రషీదుద్దీన్ అస్ సూరీ అనే సమకాలికుడు మొక్కలు చూడబోయినప్పుడు వెంట ఒక చిత్రకారుని తీసుకొనిపోయేవాడు. ఒకే మొక్కను మొలక దశలో ఒకసారి, ఎదిగి విత్తు పట్టినప్పుడు ఒకసారి, ఎండిన తరువాత ఒకసారి రంగులతో గీయించేవాడు. మొక్కను ఏ దశలో చూచినవాడైనా గుర్తించగలగాలని ఆయన ఉద్దేశం.

ఇబ్న్ అల్ బైతార్ జీవితకాలపు శ్రమకు ఫలం అల్ జామి అనే మహాగ్రంథం. మందులుగా, ఆహారంగా ఉపయోగపడే సుమారు 1400 పదార్థాలు అందులో అకారాది క్రమంలో ఉన్నాయి. అవి అధికభాగం మొక్కలే. గ్రీకులు, అరబ్బులు, ఇతరులు కలిపి సుమారు 150 మంది పూర్వుల రచనలను పరిశీలించి రాసిన గ్రంథమది. అందులో సుమారు 300 మందులు అంతకు ముందు గ్రంథాలకు ఎక్కనివని పండితుల అంచనా. పీఠికలో ఆయన తాను పెట్టుకొన్న నియమాలు వివరించాడు. పూర్వులు చెప్పినదాన్ని వారి పేరుతోనే చెప్పడం, స్వయంగా చూచి రుజువైనదాన్ని నిలిపి కానిదాన్ని విడిచిపెట్టడం, చెప్పినదే మరల చెప్పకపోవడం, వెదుకువారికి సులభమైన క్రమం పాటించడం, పుస్తకాలను మాత్రమే నమ్మినవారి పొరపాట్లు చూపడం, ఒక్కొక్క మొక్కకు వేరు వేరు భాషలలోని పేర్లు ఇవ్వడం అందులో ముఖ్యమైనవి. పరిశోధన చేయబోయే ఏ విద్యార్థికైనా ఇంతకంటె మంచి నియమావళి ఈనాటికీ దొరకదు.

ఆ గ్రంథంలో మన దేశమూ ఉన్నది. తమ్రె హింద్, అనగా హిందూదేశపు ఖర్జూరం, మన చింతపండే. మన కరక్కాయ, ఉసిరికాయ అందులో హలీలజ్, అమ్లజ్ అన్న పేర్లతో చోటు చేసుకొన్నాయి. మన త్రిఫల యునానీలో ఇత్రీఫల్ అయి, నేటికీ హకీముల చేతిలో వాడుకలో ఉన్నది. మూలికకు దేశపు ఎల్లలు లేవు. పేరు మార్చుకొని ఎంత దూరమైనా పోతుంది. ఆ పేర్లన్నిటినీ ఒక్కచోట కూర్చినవాడు లేకపోతే మాత్రం ఇక్కడి ఉసిరి, అక్కడి అమ్లజ్ ఒకటేనని ఎవరికీ తెలియదు.

అల్ ముగ్నీ అనే మరొక గ్రంథంలో ఆయన మందులను పేరు క్రమంలో కాక, రోగాల క్రమంలో ఇరవై అధ్యాయాలుగా అమర్చాడు. మొదటిది పండితునికి, రెండవది రోగి పక్కన కూర్చొన్న వైద్యునికి. డయాస్కోరిడీస్ గ్రంథానికి రాసిన వ్యాఖ్య మూడవది. అందులో గ్రీకు, అరబ్బీ, బర్బర్, స్పెయిన్ జనుల వాడుకభాష పేర్లను జతపరచి, బాగ్దాదు పండితులు విడిచిపెట్టిన ఖాళీలను ఎన్నిటినో పూరించాడు.

హిజ్రీ 646లో, అనగా 1248లో, ఇబ్న్ అల్ బైతార్ డమాస్కస్‌లో కన్నుమూశాడు. అదే సంవత్సరం నవంబరులో, ఆయన గురువు వెంట మొక్కలు ఏరుకొన్న సెవిల్ నగరం కాస్టీల్ రాజు వశమయింది. ఆయన విద్య నేర్చిన లోకం, ఆయన ఒకేసారి అస్తమించాయని చెప్పవచ్చును. కాని ఆ గుట్టల మీది మొక్కల పేర్లు అస్తమించలేదు. అవి అల్ జామిలో భద్రంగా ఉన్నాయి. 1840వ దశకం ఆరంభంలో ఆ గ్రంథం జర్మన్ భాషలోకి వచ్చింది. 1870వ దశకంలో కైరో సమీపంలోని బూలాఖ్ ముద్రణాలయం మూలగ్రంథాన్ని అచ్చు వేసింది. 1877 నుండి 1883 వరకు లుసియెన్ లెక్లెర్ ఫ్రెంచి అనువాదం వెలువడింది. ఢిల్లీలోని కేంద్ర యునానీ వైద్య పరిశోధన మండలి 1980వ దశకంలో ఉర్దూ అనువాదాన్ని ప్రచురించింది. ఉర్దూ చదువగల మన విద్యార్థులకు ఆ ద్వారం తెరిచే ఉన్నది.

ఆయన జీవితం మనకు నేర్పేదేమిటి? మొదటిది, గుర్తించనిదే కోయరాదు. ప్రకృతికి దగ్గర కావాలన్న కోరిక ఈనాడు పట్టణాలలో తిరిగి పుడుతున్నది, అది సంతోషమే. కాని కోరిక వేరు, విద్య వేరు. ఉమ్మెత్త గింజ మిరప గింజను పోలి ఉంటుంది. ఆ పోలిక వలన ప్రాణాలు పోయిన సంగతి మన న్యాయవైద్య గ్రంథాలన్నీ చెబుతాయి. కరోనా కాలంలో జనం తిప్పతీగ కషాయం విరివిగా తాగారు. కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. అది అసలు తిప్పతీగేనా, దానిని పోలిన మరొక తీగయా అన్న వివాదం లేచింది. అసలు తిప్పతీగనైనా ఇష్టం వచ్చినట్లు వాడరాదని వైద్యులు హెచ్చరించారు. ఎనిమిది శతాబ్దాల క్రితం ఇబ్న్ అల్ బైతార్ ఏ ప్రశ్న వేసుకొన్నాడో ఆ ప్రశ్ననే మనం తిరిగి వేసుకోవలసి వచ్చింది.

రెండవది, తెలిసినవారిని గౌరవించాలి. బర్బర్ తెగ పేరును గ్రంథానికెక్కించడానికి సుల్తాను కొలువులోని పండితుడు సిగ్గుపడలేదు. మన నల్లమలలో చెంచులు ఉన్నారు. మన పల్లెలలో పసరు మందు ఇచ్చే ముదుసలులు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. వారికి తెలిసినదంతా నిజమని అనలేము. కాని పరీక్షించి చూడకుండా మూఢత్వమని తోసివేయడం కూడ విద్య కాదు. వారిలో ఒక్కొక్కరు పోయినప్పుడల్లా కొన్ని పేర్లు వారితోనే పోతాయి. మూడవది, అవసరమైనంతే తీసుకోవాలి. వేరుతో పెకలించిన మొక్క మరుసటి వానకు మొలవదు. విత్తు రాలేదాక ఆగినవాడే రేపటి రోగికి మందు మిగిల్చినవాడు.

విద్యార్థి మిత్రులారా! ఇందుకు స్పెయిన్ నుండి సిరియా దాకా నడువనక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలు. మీ ఇంటికి, కళాశాలకు నడుమ మొలచిన మొక్కలను ఒక్కొక్కటిగా చూడండి. దాని తెలుగు పేరు ఒక పెద్దమ్మను అడగండి, ఉర్దూ పేరు ఒక హకీమును అడగండి, శాస్త్రీయ నామం మన వృక్షశాస్త్ర శాఖవారిని అడగండి. మూడు పేర్లను ఒక వరుసలో రాయండి. ఒక సంవత్సరంలో మన కళాశాల పరిసరాల మొక్కల పట్టిక సిద్ధమవుతుంది. కళాశాల కమిటీవారు దానిని వచ్చే సంచికలో అచ్చు వేయించడమే కాక, ఆవరణలో ఒక మూలను ఆ మొక్కలకు విడిచిపెడితే ఎంతో మేలు. రెండు భాషల విద్యార్థులు చదువుకొనే మన సంస్థకు, ఒకే మొక్కకు అనేక భాషల పేర్లు కూర్చిన ఆ మహనీయుని స్మరించుకోవడానికి ఇంతకంటె తగిన మార్గం లేదు.